ఒకవైపే పడిన గీతలు

మా ఇల్లు మామిడిపల్లిలో ఉంది. రోజంతా మా నెత్తి మీదుగానే విమానాలు పోతుంటాయి. చెట్లు కోయడం నా పని. ప్లాట్లు చేసేవాళ్లు, ఫామ్‌హౌసుల వాళ్లు పిలిస్తే పెట్రోల్‌తో నడిచే రంపం మిషన్ బండికి కట్టుకుని వెళ్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే బతుకు. ఆ మిషన్‌కు వట్టి పెట్రోల్ పోయకూడదు, అందులో కొలత ప్రకారం నూనె కలపాలి. కలిపే పని మొదటినుంచీ మా ఆవిడదే. దగ్గు మందు సీసా మూతతో నూనె కొలిచి పోసి, డబ్బా బాగా ఊపి, గడప పక్కన పెట్టేది. నేను చెప్పులేసుకుంటూ అందుకునేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఆ డబ్బా మూత తీసి చూసుకోవలసిన అవసరం రాలేదు.

మొన్నటి ఎండాకాలంలో ఒక తోటలో మామిడి మొద్దు కోస్తుండగా మిషన్ ఉన్నట్టుండి పట్టేసింది. విప్పితే పిస్టన్ గీతలు పడి ఉంది. నూనె తక్కువైతే ఇంజన్ ఇలాగే పట్టేస్తుందని ఎక్కడో విని ఉన్నాను. ఇంకేముంది, కోపం నషాళానికంటింది. పిస్టన్ చేత్తో పట్టుకుని వచ్చి, ఇంట్లోకి కూడా పోకుండా వాకిట్లోనే అరిచాను.

"నూనె పొయ్యనీకి గంత బద్ధకమైతే నాకు చెప్పకపోయినవ్?"

"నేనెన్నడన్న తక్కువ పోసిన్నా?" అంది ఆవిడ, ఎప్పటి సన్నగొంతుతోనే.

మర్నాటి నుంచి ఆవిడ డబ్బా ముట్టలేదు. నేనూ తగ్గలేదు. ఆ పిస్టన్‌ను ఆవిడకు రోజూ కనబడేలా కిటికీలో పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఏదో కేసు గెలిచినవాడిలా తిరిగాను.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటల్లేవు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉండేది. నేనే వడ్డించుకుని, టీవీ ముందు కూర్చుని తినేవాణ్ణి. నేను టీవీ సౌండు పెంచిన కాసేపటికే ఆవిడ మొహం చిట్లించుకుని బర్రెల దగ్గరికి వెళ్లిపోయేది. పోతే పో అనుకునేవాణ్ణి. కానీ మనిషి ఇంట్లో ఉండగానే ఇంత ఒంటరిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మిషన్‌కు కొత్త సిలిండర్, పిస్టన్, రింగులు నేనే వేశాను. స్టార్ట్ అయింది గానీ, రేస్ ఇస్తే జలుబు చేసిన గొంతులా మొద్దుగా మోగేది. కట్టెలో దించగానే నీరసించి ఆగిపోయేది. ప్లగ్గు మార్చాను. ఫిల్టర్ కడిగాను. సైలెన్సర్‌లో పేరుకున్న మసి గీకాను. ట్యాంకులోని పైపు పీకేసి కొత్తది వేశాను. ఏం చేసినా అదే వరస.

ఇక మిగిలింది కార్బురేటర్ స్క్రూ. ఇంజన్‌కు ఎంత పెట్రోల్ వెళ్లాలో చూసేది అదే. దాన్ని చెవితోనే సరిచేయాలి, మిషన్ పట్టేయక ముందు కూడా అది నేనే చేసుకునేవాణ్ణి. బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది. పెట్రోల్ ఎక్కువైతే మిషన్ మొద్దుగా మోగుతుంది, తక్కువైతే సన్నగా కీచుమంటుంది, ఆ రెంటి మధ్య ఒక చోట ఆపాలి. నా చెవి మీద నాకు చాలా పొగరుండేది. విమానం దాటేదాకా ఆగి, స్క్రూ కొంచెం బిగించి వినేవాణ్ణి. ఇంతలో ఇంకోటి వచ్చేది, మళ్లీ ఆగేవాణ్ణి. ఎంత బిగించినా ఆ పాత శబ్దం రాలేదు. ఇంకొంచెం బిగించాను. ఆ తర్వాత ఇంకొంచెం.

మూడు నెలలు గడిచాయి. వచ్చిన పనులన్నీ వేరేవాళ్లకు పోయాయి. ఒక్కోసారి మా ఆవిడ గడపలో నిలబడి నన్ను చూసి లోపలికి వెళ్లేది. వచ్చి కాసేపు పక్కన కూర్చోమని అడగాలనిపించేది. నోరు రాలేదు.

చివరికి పంతం పక్కనపెట్టి, గగన్‌పహాడ్‌లో ఇలాంటి మిషన్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. నా ఈడువాడే. ఒక్కసారి రేస్ ఇచ్చి, ఉలిక్కిపడి ఆపేశాడు.

"అన్నా, గిదేంది గింతగనం బిగించినవ్? పెట్రోల్ అందక కీసుమని ఒర్లుతుంది గద!"

"యాడ ఒర్లుతుంది? మొద్దుగ మోగుతుంది," అన్నాను.

అతను నా వంక చూశాడు. స్క్రూ కొంచెం వదులు చేసి రేస్ ఇచ్చాడు, మళ్లీ బిగించి ఇచ్చాడు. "తేడా తెలుస్తుందా?" అన్నాడు. నాకేమీ తెలియలేదు. వేళాకోళం ఆడుతున్నాడేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు.

"ఇన్నేండ్లు చెవులకేం పెట్టుకోకుంట కోసినవా అన్నా?"

"విమానాలు మంచిగనే ఇనబడ్తయి నాకు," అన్నాను మొండిగా.

"అవి మొద్దు సప్పుడు, ఎవలకైన ఇనబడ్తయి. నీకు సన్న సప్పుడు ఇనబడుడు పోయింది. పాత పిస్టన్ మీద గీతలు చుట్టూత ఉన్నయా, సైలెన్సర్ దిక్కే ఉన్నయా?"

మూడు నెలలు కిటికీలో రోజూ చూసినదే కదా. "సైలెన్సర్ దిక్కే," అన్నాను.

"అయితే నూనె తక్కువై గాదు. గట్లయితే చుట్టూత పడ్తయి. నువ్వే పెట్రోల్ అందనియ్యక మాడ్చినవ్."

అతను స్క్రూ సరిచేసి, అక్కడున్న తుమ్మ మొద్దు కోసి చూపించాడు. రంపం ఎక్కడా ఆగకుండా దిగింది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. బండి మెల్లగా నడుపుకుంటూ ఇల్లు చేరాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. కిటికీలోని పిస్టన్ తీసి జేబులో వేసుకున్నాను. వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"నూనె నువ్వు మంచిగనే కలిపినవ్. తప్పు నాది. నాకు చెవులు పోయినయట."

ఆవిడ పెదవులు కదిలాయి. మాట వినబడలేదు. ముందుకు వంగి, "ఏందీ? జర గట్టిగ చెప్పు," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత, దూరంగా మేస్తున్న బర్రెను పిలిచేంత గట్టిగా అంది.

"అన్నం పెట్టాల్నా అని అడిగిన. మూడు నెలల సంది రోజూ నీ ఎనక నిలబడి అడుగుతనే ఉన్న. నువ్వు పలుకకపోతివి. కోపం ఇంక పోలేదనుకున్న."