సాఫ్ చేసిన జాజ్ పాట

సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసెటోనికి ఎక్కడిదో జాజ్ సంగీతం ఎందుకని మా ఇంటామె ఎక్కిరిస్తది. బడి నన్ను జల్దిగనే వదిలించుకున్నది గనుక సీడీ పెట్టెల మీది ఇంగ్లీషు రాతలు నాకు రావు. అయినా తొలినాటి జాజ్ రికార్డులల్ల గరగర చప్పుడు తీసి సాఫ్ చేసి సీడీల పెట్టెలుగ అమ్ముతరని తెలిసినకాన్నుంచి కూడబెడుతనే ఉన్న.

మొన్న కొత్త పెట్టె అచ్చింది. అండ్ల ఒక పాట, జగిత్యాలల కొన్న నా పాత సీడీల గూడ ఉంది. పాతదాంట్ల బాకా ఎనుక నూనెల మిర్చి ఏగినట్టు చప్పుడుండేది. కొత్తదాంట్ల అది లేదు.

"చూసినవా, ఎంత మంచిగ కడిగిండ్రో" అన్న.

"ఏం కడిగిండ్రయ్యా, సుయ్యిమంటనే ఉంది గద" అన్నది ఆమె, బీడీలు చుట్టుకుంట.

నవ్వి, పాత సీడీ పెట్టిన. దాంట్ల గూడ నాకు చప్పుడు ఇనరాలే.

"ఇప్పుడో?"

"ఇంకింత ఎక్కువున్నది" అని తల ఎత్తి నన్ను చూసింది.

సాంచాల మోతల మేమెవ్వరం చెవులతోని ఇనం, పెదవులు చూసి మాట తెలుసుకుంటం. అందుకే ఇన్నేండ్లు నా చెవుల మీద నాకు అనుమానం రాలే.

బాకా ఇంకా ఇనవడుతనే ఉంది. ఆమె మల్లేదో అడిగింది. ఆ మాట ఇన్ననో, చూసిననో నాకు తెల్వలే.