ఒక టికెట్టు డబ్బులతో ఇద్దరం కౌలాలంపూర్ వెళ్లి వచ్చాం

నేను పద్నాలుగేళ్లుగా అరకులో సైన్సు టీచరుని. పుట్టింది కొండ కింద శృంగవరపుకోటలో. చవకగా ఊళ్లు తిరగడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. దాన్ని మా ఇంట్లో పిసినారితనం అంటారు. అంటే అననీ. ఈ ఫిబ్రవరిలో ఆ పిసినారితనమే అక్కరకొచ్చింది.

అనంతగిరి వైపు కొండ మీద ఒక ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి కాఫీ పండించి, కడిగి, ఎండబెట్టి అమ్ముకుంటారు. వాళ్ల సంఘానికి పెద్ద, బుద్రి. నలభై ఏళ్లుంటాయి. ఆమె కూతురు నా దగ్గరే చదువుకుంది. కౌలాలంపూర్‌లో చిన్న చిన్న కాఫీ దుకాణాలవాళ్లు ఏటా ఒక రోజు కలుసుకుని, ఊరూరి కాఫీ రుచి చూసి నచ్చినవాళ్లతో బేరం కుదుర్చుకుంటారట. అక్కడికి బుద్రికి పిలుపు వచ్చింది. రెండు రాత్రులు గది ఇస్తారు, రానుపోను ఖర్చులకు ఇరవై నాలుగు వేలు ఇస్తారు. అది ఒకరికి. బుద్రి ఆ ఉత్తరం నా చేత చదివించుకుని, మడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"నువ్వొస్తే నాను ఎల్తాను టీచరమ్మా. నేదంటే నేదు. ఆ బాస నాకు రాదు, ఆ దారి నాకు తెలీదు."

ఆమె వెళ్లకపోతే పన్నెండు ఇళ్ల కాఫీ మళ్లీ ఎప్పటిలాగే సంతలో ఒకరిద్దరు షావుకార్లు చెప్పిన ధరకే పోతుంది. అంటే ఇరవై నాలుగు వేలల్లో ఇద్దరం వెళ్లి రావాలి. ప్రస్తుతానికి మలేషియాకి మనవాళ్లకు వీసా అక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పింది. మిగిలింది టికెట్టు. ఇద్దరికీ పాస్‌పోర్టులు ఉన్నాయి. నాది ఎప్పటికైనా పనికొస్తుందని తీసుకున్నది, ఆమెది సంఘంవాళ్లు పోయినేడు తీయించినది.

మూడు వారాలు రోజూ పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చున్నాను. విశాఖ నుంచి వెతికితే మధ్యలో ఎక్కడో దిగి మారే విమానాలే కనిపించాయి, ఒక్కరికే పంతొమ్మిది వేలు. చెన్నై నుంచి చూస్తే రోజుకి బోలెడు విమానాలు, నాలుగు గంటల ప్రయాణం, రానుపోను తొమ్మిది వేల నాలుగు వందలు. దూరం దాదాపు అంతే, ధరలో ఇంత తేడా ఏమిటని నేను విసుక్కుంటుంటే బుద్రి నవ్వింది.

"ఒక్క షావుకారొచ్చిన సంతలో ఆయన సెప్పిందే దర. పదిమందొచ్చిన సంతలో మనం సెప్పిందే. ఆ సెన్నై పెద్ద సంత అన్నమాట."

ఇంతకంటే బాగా ఏ వెబ్‌సైటూ చెప్పలేదు. అయితే సంత లెక్క ఒకచోట పనికిరాలేదు. సంతలో పొద్దు వాలేకొద్దీ కూరగాయల ధర తగ్గుతుంది కదా, ఆగుదాం అంది. రెండు రోజులు ఆగాం. ధర ఆరువందలు పెరిగింది. మంగళవారం వెళ్లి గురువారం వచ్చేలా మార్చి చూస్తే మళ్లీ తొమ్మిది వేల నాలుగు వందలకే వచ్చింది. శుక్ర, శని, ఆదివారాల జోలికి పోకండి. డబ్బు కట్టే ముందు సీటుకింత, భోజనానికింత, బ్యాగుకింత అని వాళ్లే టిక్కు పెట్టి ఉంచుతారు. అన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. ఆఖరికి మనిషికి ఒక చేతిసంచి, ఏడు కిలోలు. అంతకు మించితే ఒప్పుకోరు.

ఆ ఏడు కిలోలే మా పాలిట పరీక్ష అయ్యాయి. పచ్చి గింజలు తీసుకెళ్లడానికి అనుమతులు కావాలన్నారు కాబట్టి వేయించిన గింజలే తీసుకున్నాం. పన్నెండు మందివీ పన్నెండు పొట్లాలు, ఒక్కోటి అరకిలో. ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది బుద్రి. బయల్దేరే ముందు శుక్రవారం, సంత రోజున, సంచులు రెండూ సర్దుకుని తూకం చూసుకుందామని బజారుకి వెళ్లాం.

మా వీధిలో షావుకారు ఒకాయన ఉన్నాడు. మా శృంగవరపుకోట వైపు మనిషే. నా బియ్యం, పప్పులు అన్నీ ఆయన దగ్గరే. గ్రాము తేడా రాదు. సంత రోజున కొట్టు అరుగు మీద దూలానికి గుండ్రటి ముల్లు కాటా వేలాడదీసి, కొండ నుంచి దిగినవాళ్ల మిరియాలు, కాఫీ, చింతపండు కొంటాడు. నేనే చొరవగా వెళ్లి మా సంచి ఆ కొక్కేనికి తగిలించాను. ఆరు కిలోల తొమ్మిది వందలు. రెండోదీ అంతే. ఆయన లోపల్నుంచి చూసి కేకేశాడు.

"లోపలి కాటా మీద సూసుకోండి టీచరుగారండీ."

"ఎందుకండీ, ఇది చాలు."

"కాదండీ, లోపల కరెంటు కాటా ఉన్నాది, దాని మీద సూడండి."

మంచి మర్యాదస్తుడు అనుకున్నాను. శ్రమ ఎందుకని వచ్చేశాం.

సోమవారం ఉదయం 5.45 బస్సెక్కాం. చలి, పొగమంచు. అనంతగిరి ఘాట్‌లో కిటికీ మూసినా చేతులు కొంకర్లు పోతున్నాయి. "ఏటమ్మా, సంచులు ఒళ్లో ఎట్టుకున్నారు? పైన ఎట్టండి" అని కండక్టరు అన్నాడు. బుద్రి పెట్టలేదు. పదింటికి విశాఖ. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీ తిన్నాం. మధ్యాహ్నం రెండింటి రైలుకి స్లీపరు, మనిషికి నాలుగు వందల చిల్లర. మా ఎదురు సీటులో రాజమండ్రి ఆవిడ సంచి వాసన పట్టేసింది. "కాఫీ పొడి వ్యాపారమా అండీ?" అనడిగింది. "యాపారం కాదమ్మా, పరీచ్చకి అట్టుకెల్తన్నాం" అంది బుద్రి.

మంగళవారం తెల్లవారుజామున చెన్నై సెంట్రల్. అక్కడే స్నానాల గదులున్నాయి, శుభ్రంగానే ఉన్నాయి. మెట్రో స్టేషను కిందే ఉంది. నలభై రూపాయల టికెట్టుతో విమానాశ్రయం లోపలికే తీసుకెళ్లింది. ఆటోకి అయితే ఐదువందలు అడిగారు. ఇదంతా నా ఘనతే అని మురిసిపోతూ ఎనిమిదింటికి కౌంటరు దగ్గరికి చేరాను.

కౌంటరు అమ్మాయిది నెల్లూరట, తెలుగులోనే మాట్లాడింది. సంచి కాటా మీద పెట్టించి, నా మొహంలోకి చూసింది.

"ఎనిమిది కిలోల వంద గ్రాములుంది మేడమ్."

రెండోది పెట్టాం. అదీ ఎనిమిది కిలోల వంద గ్రాములే. లోపలికి పంపాలంటే ఒక్కో సంచికి టికెట్టులో సగం ధర కట్టాలంది. మా దగ్గర దారి ఖర్చులకు మిగిలినది అంత లేదు. మీ కాటా తప్పు అన్నాను. ఆ అమ్మాయి ఓపికగా పక్క కౌంటరు కాటా మీద కూడా పెట్టించింది. అంతే చూపించింది.

"నాలుగైదు పొట్లాలు ఇక్కడే వదిలేద్దాం బుద్రీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఎవుల్దమ్మా వదలడం? ఎర్ర దారందా, పచ్చ దారందా? ఊరికెల్లి ఎవులికి సెప్పాల?"

నిజమే. కాఫీ పొట్లం ఒక్కటీ తీయడానికి లేదు. పక్కకి వెళ్లి నేల మీద కూర్చుని సంచులు విప్పాం. ముందు నా ఆవకాయ జాడీ బయటికొచ్చింది. అక్కడ నేల తుడుస్తున్న తమిళామె చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి వాసన చూసి, నవ్వి, జాడీ కొంగులో దాచేసుకుంది. ఖాళీ ఫ్లాస్కు, రెండు పుస్తకాలు పోయాయి. మిగిలిన బట్టలు వేసేసుకున్నాం. చుడీదార్ మీద నైటీ, దాని మీద స్వెట్టరు, పైన శాలువా. చెన్నై ఉక్కలో ఆ వేషం చూసి ఒక పిల్ల వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. బుద్రి చీర మీద చీర చుట్టుకుంది, తల మీంచి దుప్పటి కప్పుకుంది. సంచులు మళ్లీ కాటా ఎక్కిస్తే ఆరు కిలోల తొమ్మిది వందల యాభై, ఏడు కిలోలు. నెల్లూరమ్మాయి నవ్వు ఆపుకుంటూ బోర్డింగు పాసులు చేతిలో పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బుద్రి మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

"ఈ కాటా అబద్దం ఆడదు కదా గుంటా?"

"ఆడదమ్మా. అధికారులు వచ్చి పరీక్ష చేసి ముద్ర వేసి వెళ్తారు."

పదకొండింటికి విమానం లేచింది. మేఘాలు దాటాక బుద్రి అంది. "టీచరమ్మా, నాను పదకొండేళ్లుగా ఆ అరుగు మీద కాటాకే మిరియాలు ఎత్తన్నాను. నా ఒక్కదానివే కాదు, మా ఊరోళ్లందరివీని."

ఎనిమిదిని ఏడుగా చూపించే కాటా అది. నా బియ్యం తూచేది లోపలిది. "లోపలి కాటా మీద సూసుకోండి" అని ఆయన రెండుసార్లు ఎందుకు బతిమాలాడో అప్పుడు బుర్రకెక్కింది. పద్నాలుగేళ్లుగా ఆయన్ని నిక్కచ్చి మనిషని ఊరంతా పొగిడాను. పిల్లలకి ద్రవ్యరాశి, భారం, త్రాసు పాఠాలు చెప్పే నేను ఆ అరుగు మీద కాటాని ఒక్కసారీ అనుమానించలేదు. నాకెందుకు అనుమానం వస్తుంది, నాకు తూచేది అది కాదుగా! చాలా బాధేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు.

అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఐదున్నరకి దిగాం. వచ్చేవాళ్ల వివరాల ఫారం దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. నేను నింపాను కాబట్టి పది నిమిషాల్లో బయటపడ్డాం. ఊళ్లోకి రైలుంది గానీ ఖరీదు. బస్సు దాంట్లో మూడోవంతు కూడా లేదు, గంట పడుతుంది. రాత్రికి తమిళుల హోటల్లో రొట్టె, పప్పుపులుసు. బాగుంది.

బుధవారం ఆ రుచి చూసే హాలు. పెద్దపెద్ద మనుషులు చెంచాలతో సర్రుమని జుర్రుతుంటే బుద్రి నా వైపు చూసి పెదవి బిగబట్టింది. ఒక పెద్దాయన నీలి దారం కాఫీ మూడుసార్లు తాగి, ఇది ఏ చెట్ల కింద పెరిగిందని అడిగాడు. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. "పనస సెట్టు కింద బాబూ. సెట్టుకి మిరియం తీగ. అది మా సెల్లిది" అంది బుద్రి. ఆయన నీలి దారందీ ఎర్ర దారందీ చెరొక బస్తా పంపమన్నాడు. మరొకరు పచ్చ దారంది అడిగారు. చెన్నైలో నేను వదిలేద్దామన్నది ఈ పొట్లాలనే.

సాయంత్రం బజారులో బుద్రి తనకంటూ ఒక్కటే వస్తువు కొంది. అరచేతిలో పట్టే కొక్కెం కాటా. సంచి తగిలించి పైకెత్తితే అంకె కనిపిస్తుంది. కొనేముందు దుకాణంలో కిలో పంచదార పొట్లాలు ఒకటి, రెండు, మూడు తగిలించి చూసింది. దుకాణదారు విసుక్కున్నా వదల్లేదు.

గురువారం ఉదయం విమానం, చెన్నైలో మధ్యాహ్నం రైలు, శుక్రవారం తెల్లవారుజామున విశాఖ. అక్కడే ఏడింటి లోపు అరకు రైలెక్కాం. సొరంగాలు మొదలయ్యాయి. విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన పిల్లలతో సొరంగాలు లెక్కపెట్టిస్తూ బుద్రిని అడిగాడు. "మీది ఈ కొండలేనా? ఎప్పుడైనా దిగారా కిందికి?"

"నిన్న పొద్దున కౌలాలంపూర్లో ఉన్నాం బాబూ."

ఆయన పిల్లలు లెక్క మరిచిపోయారు.

పదకొండు దాటాక అరకులో దిగాం. సంత రోజు. బుద్రి ఇంటికి పోలేదు. చెల్లెలు మిరియాల మూట దింపుకుని షావుకారు అరుగు దగ్గర వరసలో నిలబడి ఉంది. బుద్రి వెళ్లి ఆ మూటని తన చిన్న కాటాకి తగిలించి ఎత్తి, అందరికీ వినిపించేలా చెప్పింది. "ఎనిమిది." తర్వాత అదే మూట దూలం కాటాకి తగిలించింది. ముల్లు ఏడు దగ్గర ఆగింది.

వరసలోవాళ్లు మెడలు చాచి చూశారు. షావుకారు బయటికొచ్చాడు. నన్ను చూశాడు, నా చేతిలో సంచి చూశాడు.

"ఏటమ్మా బుద్రీ, మా కాటా మీద నమ్మకం నేదేటి?"

"ఎందుకు నేదు బాబూ? దాన్ని నమ్మే కదా ఇమానం ఎక్కబోనాను."

వెనక నుంచి ఒక ముసలామె తన చింతపండు గంప బుద్రి ముందు పెట్టింది. "నాదీ ఎత్తు." ఇంకొకామె తన మూట తెచ్చింది. వరస అరుగు దిగి బుద్రి చుట్టూ చేరింది. బుద్రి ఒక్కొక్కటీ ఎత్తి అంకె చెబుతోంది. షావుకారు కాసేపు నిలబడి చూసి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"నాను సెప్పాను కదండీ టీచరుగారూ, లోపలిది సూసుకోమని."

"నాకు చెప్పారు. వాళ్లకి చెప్పలేదు" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి, నా బియ్యం తూచే కరెంటు కాటా రెండు చేతులా ఎత్తుకొచ్చి, దుమ్ము తుడిచి అరుగు మీద పెట్టాడు. బుద్రి చెల్లెలు మూట దాని మీద దించింది. ఎనిమిది.