కత్తిరించిన ఎనిమిది నిమిషాలు

2006లో నేను నారాయణఖేడ్‌లోని ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాను. అప్పటికి నా భార్య పోయి ఏడాది.

ఆ చలికాలం మా హాలుకు ఒక పాతకాలపు కథతో సినిమా వచ్చింది. పట్నంలో పెరిగిన అమ్మాయి, ఇంట్లో ఎవరూ పేరెత్తని తన నానమ్మ ఎవరో తెలుసుకోవడానికి ఒక పాడుబడ్డ దొరల గడీకి వస్తుంది. కొంత భాగం మా పక్కనున్న కంగ్టి దగ్గర, ఆ ఊరివాళ్లనే గుంపులో కూర్చోబెట్టి తీశారు. నిడివి ఎక్కువ కావడంతో మాట్నీ వదిలేసరికి కంగ్టి ఆఖరి బస్సు వెళ్లిపోయేది. ఎనిమిది నిమిషాలు తగ్గించమన్నాడు యజమాని. చిన్న ఊళ్లలో ఇది మామూలే. కథకు అడ్డురాని చోట రీలు కత్తిరించి కొసలు అతికిస్తాం. తీసిన ముక్కను డబ్బాలో దాచి, ప్రింటు తిరిగి పంపేముందు కలుపుతాం. నేను చావు ఇంట్లో ఆడవాళ్లు ఏడ్చే దృశ్యం తీసేశాను.

బుధవారం మాట్నీ అయ్యాక కంగ్టి నుంచి వచ్చిన శాంతమ్మ అనే కూలి మనిషి తన చిన్నమ్మతో కలిసి ప్రొజెక్టర్ గదికి వచ్చింది.

"ఏంది సారూ, గా ఏడ్సే ఆడోళ్ల సీను రానే లేదు? గా సీన్ల మా అమ్మ ఉన్నది."

తల్లి నిరుడు చనిపోయిందట. ఫొటో ఒక్కటీ లేదట. నేనే కత్తిరించానని చెప్పాను.

"కోసెటోనివి జర సూసి కొయ్యొద్దా?" అంది.

గురువారంతో ఆట ఆఖరు. శుక్రవారం ప్రింటు వెళ్లిపోతుంది. రేపు మాట్నీకి రమ్మన్నాను.

పొద్దున్నే ఫిలిం కొసలు గీకి, జిగురు రాసి, ఆ ముక్క అతికించాను. యజమానికి చెప్పలేదు. ఆ రీలు వేళకు ఇద్దరినీ పిలిచి, గోడలో తెర కనిపించే రంధ్రం దగ్గర నిలబెట్టాను. తెర మీద, ఏడ్చే ఆడవాళ్ల ముందు వరుసలో ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను ఏడుపే అనుకున్నాను.

"ఏడ్వుమంటే నవ్వొచ్చెనంట మా అక్కకు. సూడు, ఇప్పుడు గూడ నవ్వుతనే ఉన్నది," అంది చిన్నమ్మ.

"సారూ, జర ఆపరాదు?" అంది శాంతమ్మ.

ఆపితే దీపం వేడికి ఫిలిం కాలిపోతుందని చెప్పాను. అంతలోనే ఆ ముఖం తెర మీంచి పోయింది. శాంతమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"సాలు సారూ," అని ఇద్దరూ ఆట అయ్యేదాకా ఆగకుండా బస్సుకు బయల్దేరారు.

ఆ రోజు ఆట ఆలస్యమై చాలామందికి బస్సు తప్పింది. యజమాని తిట్టాడు. తిట్టాల్సిందే.

ఆ వారమే బీరువాలోంచి నా భార్య ఫొటో తీసి గోడకు తగిలించాను.

కథకు అక్కర్లేని మనిషి, చూసేవాళ్లలో ఒకరికి కావలసిన మనిషి కావచ్చు. నేను నేర్చుకున్నది ఇంతే. తర్వాత ఏడేళ్లు పనిచేశాను. రీళ్లు కత్తిరించడం మానలేదు. కానీ ప్రతి ముక్కనూ వెలుతురుకు ఎదురుగా పట్టి, అందులో ఎవరున్నారో చూశాకే కత్తెర పెట్టేవాణ్ణి.