వ్యానులో మడతపెట్టిన మ్యాపు

ఆక్సిజన్ సిలిండర్లు ఇళ్లకు చేర్చే వ్యాను నడిపేది ఆమె. పన్నెండేళ్లుగా అదే పని. డిపోలో అందరూ ఆమెను మ్యాపక్క అనేవారు. ఆ పిలుపులో ముద్దు కంటే వెటకారమే ఎక్కువ. ఫోన్లోనే దారి కనబడే రోజుల్లో సీటు పక్కన కాగితం మ్యాపు పెట్టుకుని తిరిగే మనిషిని చూస్తే నవ్వు రాదూ మరి!

ఆ పిచ్చి అంటించింది ఆమె మామగారు. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు పటాలు గీసి రిటైరైన మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఊరి చుట్టుపక్కల మ్యాపు పరిచి, కోడల్ని పిలిచాడు.

“మన ఇల్లెక్కడుందో చూపించమ్మాయ్.”

ఆమె చాలాసేపు వెతికి ధీమాగా ఒకచోట వేలు పెట్టింది.

“అది చెరువు. అయితే మనం నీళ్లలో కాపురం చేస్తున్నామన్నమాట!” అని ఆయన పడీపడీ నవ్వాడు.

ఆమెకు రోషం వచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒక గంట ఆ బల్ల దగ్గరే. వంకర దారి పొడవును దారంతో కొలవడం నేర్పాడాయన. ఎత్తును చూపే గోధుమరంగు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువు కొండ, ఎడంగా ఉంటే చదును నేల అని చెప్పాడు. “ఒకే గీత పట్టుకుని పోయావనుకో, ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు” అనేవాడు. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఏడాది తిరిగేసరికి తాను వెళ్లే ప్రతి ఇంటినీ మ్యాపులో పెన్సిలు చుక్కతో గుర్తుపెట్టుకుంది.

ఆ ఏడు వాన మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగోరోజు పొద్దున్నే కరెంటు పోయింది, వెనకే ఫోన్లూ మూగబోయాయి. కరెంటు లేకపోతే ఇళ్లలో ఆక్సిజన్ మిషన్లు ఆగిపోతాయి, ఇక సిలిండరే దిక్కు. పదకొండు గంటలకల్లా ఆమె ఐదిళ్లకు సిలిండర్లు చేర్చింది. ఆరోది కొండ అవతల ఉండే ముసలి టైలరు ఇల్లు. ఆయన దగ్గరున్న సిలిండరు ఒంటిగంట దాకా వస్తే గొప్ప.

వాగు దగ్గరికి వెళ్లేసరికి వంతెన కనబడలేదు. దాని మీదుగా ఎర్రనీళ్లు పరుగెడుతున్నాయి.

“వెనక్కి తిప్పేయండక్కా. కింద రోడ్డు ఒకటుంది, అటు చూసుకోండి” అన్నాడు కాపలా ఉన్న కానిస్టేబులు.

ఆమె స్టీరింగు మీద మ్యాపు పరిచింది. కింద రోడ్డు వాగును రెండుసార్లు దాటుతోంది. చుట్టూ గీతలు ఎడంగా ఉన్నాయి, అంటే అంతా పల్లం. అదీ మునిగే ఉంటుంది. అప్పుడు కంటబడింది, పాత రాళ్ల క్వారీ నుంచి కొండ వెనగ్గా పోయే సన్నటి చుక్కల గీత. బండ్ల దారి. ఒకే ఎత్తులో పోతోంది, వాగును చూపే నీలిగీతను ఎక్కడా తాకలేదు. దారం పెట్టి చూస్తే తొమ్మిది కిలోమీటర్లు. మ్యాపు పాతది, ఆ దారి ఇంకా ఉందో లేదో! అయినా వ్యాను అటే తిప్పింది.

దారి ఉంది. నడుమ గడ్డి మొలిచింది, ఒకచోట కొమ్మ విరిగి అడ్డంగా పడితే దిగి ఈడ్చేసింది. మ్యాపులో చూపించినట్టే రెండో మలుపు దాటగానే ఎడమవైపు నీళ్ల ట్యాంకు కనబడింది. “హమ్మయ్య!” అంది పైకే.

పన్నెండూ నలభైకి టైలరు ఇంటి ముందు ఆగింది. ఆయన దిండ్లకు ఆనుకుని ఎగశ్వాసతో ఉన్నాడు. భార్య సిలిండరు మీటరు ముల్లు మీంచి చూపు తిప్పడం లేదు.

“వచ్చావా తల్లీ!” అంది ఆ ముసలావిడ.

కొత్త సిలిండరు బిగించి గాలి వదిలాక, కాసేపటికి ఆయన పెదాలకు రంగు తిరిగొచ్చింది.

“ఎటునుంచి వచ్చావమ్మా? వంతెన పోయిందంటున్నారుగా” అన్నాడు నెమ్మదిగా.

“క్వారీ దారిన వచ్చానండీ. మ్యాపులో ఉంది.”

ఆమె కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడి, ఇచ్చిన మంచినీళ్లు తాగుతూ ఏడుస్తూనే నవ్వేసింది.

వాగు నీళ్లు తగ్గేదాకా డిపో వ్యాన్లన్నీ ఆ బండ్ల దారినే తిరిగాయి. తరవాత ఇన్‌చార్జి ప్రతి వ్యానుకూ ఒక మ్యాపు కొనిపెట్టి, ఆమె మామగారికి స్వయంగా కబురు చేశాడు. ఇప్పుడు శనివారాలు డిపోలో పెద్దాయన కుర్చీలో కూర్చుని డ్రైవర్లకు పాఠం చెబుతాడు.

“ఫోన్లు పారేయమనట్లేదర్రా. అవీ ఉంచుకోండి. ఇది మాత్రం చదవడం నేర్చుకుని మరీ ఉంచుకోండి” అంటాడు. తప్పు చెప్పినవాడికి చీవాట్లు, ఒప్పు చెప్పినవాడికి తన ఫ్లాస్కులోని టీ.