పచ్చి బాలింత, పచ్చటి ఆకు

ఆకుకూరలు ఎలా కడగాలో, ఎలా దాచాలో ఈమధ్య అందరూ నాకు పాఠాలు చెబుతున్నారు. చెప్పుకోనీ. అవన్నీ నేను చిన్నప్పుడే మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. వండే కూరకు మట్టి పోయేదాకా నీళ్లు మారుస్తూనే ఉండాలి. దాచే కూరను మాత్రం కడగకూడదు, తడిబట్టలో చుట్టి కుండలో పెట్టాలి. ఎండాకాలంలో చింతచిగురు నీడన ఆరబెట్టి జాడీకెత్తాలి. ఇన్ని నేర్పిన మనిషే మా అమ్మకు ఒక్క ఆకు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆ మాట నేను ఇప్పటికీ కోపంగానే చెబుతాను.

పోలీస్ యాక్షన్ రోజులవి. తిరుమలగిరిలో ఉండేవాళ్లం. తమ్ముడు పుట్టి నెల కూడా కాలేదు, అమ్మ పచ్చి బాలింత. బాలింతకు ఆకు వాతం చేస్తుందని నాయనమ్మ పథ్యం పెట్టింది. పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, దానికి తోడు ఏ బీరకాయో. ఇంతలో రజాకార్లట, యూనియన్ సైన్యమట, ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటూ జనం తలుపులు బిగించుకున్నారు. మోండా మార్కెట్ మూతపడింది. ఇంటికి కాయ అనేది రావడం మానేసింది. మేమంతా జాడీలోని చింతచిగురు పప్పులో వేసుకుని లొట్టలేస్తూ తిన్నాం. అమ్మకు మాత్రం ఉత్త కారం, అన్నం. లేచి నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. గోళ్లు తెల్లగా పాలిపోయాయి. పాలు చాలక తమ్ముడి గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

పెరట్లో చూస్తే వానలకు గంగవాయిలి కూర నేలంతా అల్లుకుని ఉంది. విత్తినవాళ్లు లేరు, నీళ్లు పోసినవాళ్లు లేరు. కర్ఫ్యూ గిర్ఫ్యూ దానికి తెలియదు.

ఒక మధ్యాహ్నం అమ్మ మెల్లగా పెరట్లోకి నడిచింది. కొంగు నిండా కూర కోసుకొచ్చి, నన్ను నీళ్లు పొయ్యమంది. కడిగి, తుంచి, కందిపప్పులో వేసి ఉడికించింది. బాలింత పొయ్యి దగ్గరికి రావడమే మా ఇంట్లో తప్పు. పప్పు ఉడికేసరికి నాయనమ్మ గడపలో నిలబడి ఉంది.

"ఏందే ఇది? పచ్చి ఒళ్లు నీది. ఆకు తింటవా?"

"పచ్చి ఒళ్లే అత్తా. పచ్చటిది తింటే ఏమైతది?"

"సచ్చిపోతవ్."

"తినకుంటే సుత సచ్చేటట్టే ఉన్న. పోరడు పాలు చాలక పరేషాన్ అయితున్నడు, నీకు కనవడ్తలేదా?"

నాయనమ్మ గిన్నె అందుకుని పారబోయబోయింది. అమ్మ రెండు చేతులా గిన్నె పట్టుకుంది. అంత నీరసంలో ఆ బలం ఎక్కడిదో! వదలకమ్మా అని నేను గట్టిగా అరిచాను. పెద్దవాళ్ల మధ్య అరవకూడదని తెలిసే అరిచాను.

ఉన్నట్టుండి నాయనమ్మే గిన్నె వదిలేసి కూలబడింది. ఆమె కూతురు, అంటే మా మేనత్త, బాలింతగా ఉండగానే పోయిందని మాకు తెలుసు. ఎలా పోయిందన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

"జరమొచ్చి పండుకున్నది నా బిడ్డ. నోరంత చేదున్నది, జెరంత తోటకూర పెట్టవే అమ్మా, అన్నది. ఈ శేతుల్తోని నేనే పెట్టిన. తెల్లారి లేవలే."

అమ్మ ఓదారుస్తుందేమో అనుకున్నాను. కంచం తెచ్చి నాయనమ్మ ముందు పెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది.

"జరం తీస్కపోయింది అత్తా, తోటకూర గాదు. పెట్టు. ఆ శేతుల్తోనే పెట్టు."

నాయనమ్మ వడ్డించిన గరిటెడు పప్పులో సగం నేలపాలైంది. మిగిలిన సగం అమ్మ అన్నంలో కలుపుకుని, ఆమె మొహంలోకే చూస్తూ, ఒక్క మెతుకు వదలకుండా తిన్నది. తిని, ఖాళీ కంచం మళ్లీ ఆమె ముందుకు జరిపింది.