వెనక వైపరుకు అందని మురికి

రాజపాళయం పాత బస్టాండు పక్క సందులో అళగు కొట్టు ఉంది. కొట్టంటే ఒక రేకు పందిరి, ఒక స్టూలు, గోడ నిండా మేకులు. కార్లకూ వ్యాన్లకూ వైపర్లు, బల్బులు, హారన్లు మార్చడం ఇరవయ్యేళ్లుగా అతని పని. విప్పిన పాత రబ్బరును అతను పారేయడు. బండి యజమాని పేరు చీటీ మీద రాసి, దానికి కట్టి, మేకుకు తగిలిస్తాడు. అది నిజంగా మార్చాల్సిందేనా అన్నది ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని. అంత పద్ధతైన మనిషి పరువు తీసిన ఘనత నాది.

నాది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. మిల్లు నుంచి తెచ్చే మూటలను కారు వెనక సీటు మడిచి అద్దం దాకా కుక్కుతాను. నా కారులాంటి వాటికి వెనక అద్దం నిటారుగా ఉంటుంది. రోడ్డు మీది దుమ్మంతా చుట్టు తిరిగొచ్చి దానికే అంటుకుంటుంది. అందుకే వెనక కూడా వైపరు పెడతారని నాకు చెప్పింది అళగే. ఎండకు రబ్బరు బిరుసెక్కుతుందనీ, ఏడాదికోసారి చూపించమనీ, నీళ్లు చల్లకుండా తిప్పితే అద్దం మీద గీతలు పడతాయనీ చెప్పాడు. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అభ్యాసం ఉంది.

అళగు చేత వెనక వైపరుకు కొత్త రబ్బరు వేయించిన పదిరోజులకు, వాన పడుతున్న ఒక సాయంత్రం, మూటలు దించేసి ఖాళీ కారుతో వస్తూ టీకొట్టు దగ్గర ఆగాను. వెళ్లేటప్పుడు కారు వెనక్కి తీస్తూ అక్కడి బెంచీని గుద్దాను. అదృష్టం, దాని మీద మనుషులు లేరు. ఆరు టీ గ్లాసులు మాత్రం ఉండేవి. అందరూ నన్నే చూస్తుంటే నాకు అర్జెంటుగా ఒక నేరస్థుడు కావలసివచ్చాడు. వెనక అద్దంలోంచి ఏమీ కనపడలేదనీ, అళగు డూప్లికేటు రబ్బరు వేశాడనీ అన్నాను. అంతటితో ఆగానా? వెనక వైపరు పనిచేయకపోవడం చట్టప్రకారం నేరమనీ, కేసు పెడితే అళగు లోపలికి పోతాడనీ ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఆ విన్నవాళ్లలో సౌందరరాజన్ ఉన్నాడు. ఆయనవి నాలుగు స్కూలు వ్యాన్లు, వాటి పనంతా అళగుదే. అళగు ఇల్లు సగం గడిచేది వాటి మీదే. మర్నాటి నుంచి అవి వేరే కొట్టుకు పోవడం మొదలుపెట్టాయి.

ఇదేమీ తెలియని నేను తగాదాకని అళగు దగ్గరికే వెళ్లాను. అతను నన్ను కార్లో కూర్చోబెట్టి, వెనక అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి వైపరు తిప్పించాడు. బయట శుభ్రంగా తుడుచుకుపోయింది. లోపలున్న నాకు మాత్రం పొగమంచే. అప్పుడతను వెనక తలుపు పైకెత్తి, అద్దం లోపలివైపు ఈ కొస నుంచి ఆ కొసకు వేలితో గీశాడు. వేలికి తెల్లటి నూలు నూగు చుట్టుకుని వచ్చింది. నా గుడ్డ మూటలదే.

“అణ్ణాచ్చి, ఇంట్లో దీపానికి వత్తులు కొంటా ఉండారా? ఇంక కొనొద్దు.”

చట్టం సంగతి కూడా నెమ్మదిగా చెప్పాడు. అది అడిగేది ముందు అద్దానికి వైపరట, నా కారు వెనకదాని జోలికి రాదట. తరవాత పనిముట్లు సర్దుకుంటూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

“మీరు చెప్పినారని సౌందరరాజన్ అయ్యా నాలుగు బండ్లూ నిలిపేసినారు.”

ఇంటికొచ్చి మా ఆవిడ చంద్రతో, సౌందరరాజన్‌కు ఫోన్లో మెల్లగా చెప్పేస్తానన్నాను.

“అరిచింది టీకొట్లో. చెప్పేది మాత్రం ఫోన్లోనా?” అంది.

మర్నాడు టీకొట్టు నిండుగా ఉన్నప్పుడే వెళ్లి నూగు సంగతి, వేలి సంగతి, నా చట్టజ్ఞానం సంగతి చెప్పాను. సౌందరరాజన్ గ్లాసు కింద పెట్టాడు.

“మీరు లోపల తుడవకపోతిరి. నేను వాణ్ణి ఒక మాట అడగకపోతిని,” అని, అందరి ముందే అళగుకు ఫోన్ చేశాడు.

వ్యాన్లు తిరిగి వచ్చాయి. నా పాత రబ్బరు మాత్రం ఇప్పటికీ అళగు మేకుకు వేలాడుతోంది, ‘కా. సీనివాసన్’ అన్న నా పేరు చీటీతో. కొసన ఆ నూగును వత్తిలా పేని కట్టాడు. తీసేయమని బతిమాలాను. వెనక వైపరు సరిలేదని వచ్చేవాళ్లకు ముందు దాన్నే చూపిస్తున్నాడట.

అతను చూడనప్పుడు చీటీని గోడవైపు తిప్పిపెట్టి వచ్చాను. వారం తరవాత వెళ్తే మళ్లీ రోడ్డువైపే ఉంది.