ఇంద్రాణి మేడం చేయని సంగటి

మా విశ్వవిద్యాలయంలో రిటైరైన అధ్యాపకులకు అనంతపురంలో ఒక సంఘం ఉంది. నెలకోసారి ఊళ్ళోవాళ్ళ కోసం ఉపన్యాసం పెడుతుంది. అంశం ఎప్పుడూ ఒకటే, మన విశ్వవిద్యాలయానికీ ప్రపంచానికీ ఉన్న సంబంధం. ఏ దేశం నుంచి ఎవరొచ్చారు, మనవాళ్ళు ఎక్కడికి పోయి ఏం చదివొచ్చారు, అదీ వరస. వినేవాళ్ళలో సగం మంది మేమే. మిగతావాళ్ళలో కొందరు ఫ్యాను గాలి కోసం వస్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను, మా ఊరి ఎండ అలాంటిది.

ఎక్కువసార్లు మైకు పట్టుకునేది చరిత్ర విభాగం జయరాం సారు. ముందు వరుసలో కూర్చునేది ఆయన భార్య ఇంద్రాణి మేడం. ఆమె కూడా ప్రొఫెసరే, వృక్షశాస్త్రంలో. నేను ఆమె దగ్గర చదువుకుని, ఆమె విభాగంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆమె ప్రొఫెసరన్న సంగతి ఆ హాల్లో చాలామందికి గుర్తు చేయాల్సి వస్తుంది. వాళ్ళకు ఆమె సంగటి వండిన ఇల్లాలు, అంతే.

నలభై ఏళ్ళ కిందట హెల్గా అనే శాస్త్రవేత్త జర్మనీ నుంచి వచ్చింది. వానలు లేని మా కొండల్లో గడ్డి ఎట్లా బతుకుతుందో చూడాలని ఆమె పట్టుదల. జయరాం సారు ఆమెను ఒకరోజు భోజనానికి పిలిచారు. "మా ఇంద్రాణి చేతి రాగిసంగటి చూసి, ఆయమ్మ స్పూను పక్కన పెట్టేసి చేత్తో తినింది" అని సారు ప్రతి ఉపన్యాసంలో చెబుతారు. హాలంతా నవ్వుతుంది, మేడం కూడా నవ్వాలి. తర్వాత దంపతులను వేదిక మీదికి పిలుస్తారు. ఆయనకు శాలువా, ఆమెకు పసుపు కుంకుమ, రవిక గుడ్డ.

నిజమేమిటంటే ఆ రోజు మేడం ఇంట్లోనే లేరు. తెల్లవారుజామునే హెల్గాతో కలిసి ముదిగుబ్బ వైపు కొండలెక్కారు. రెండు నెలలు వాళ్ళిద్దరూ అట్లా తిరిగారు, ముళ్ళు గీరుకుంటూ, గడ్డి వేళ్ళతో సహా తవ్వుకుంటూ. ఆ గడ్డిని పాత తెలుగు పేపర్ల మధ్య పెట్టి అదిమి ఆరబెట్టారు. మా సీమ గడ్డి ఆ పేపర్లలోనే విమానమెక్కి జర్మనీ చేరింది. భోజనానికి పిలిచిన రోజు మధ్యాహ్నం వాళ్ళు ఆకలితో ఇల్లు చేరేసరికి వండి పెట్టింది పక్కింటి మారెక్క. హాస్టళ్ళలో పెరిగిన మేడానికి సంగటి కెలకడం ఎన్నడూ పట్టుబడలేదు.

సంఘం అధ్యక్షుడు రాఘవేంద్ర సారు వెంట పడి, ఈ వేసవిలో ఒక ఉపన్యాసం మేడానికి ఇప్పించాను. ఆమె నెలంతా సిద్ధమయ్యారు. రాసింది మా ఇంట్లో చదివి వినిపించి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అన్నారు:

"వీళ్ళు నన్ను ఒక్కసారి కొండ మీద చూస్తే చాలు నందినీ. ఆ కథలో నాకు ఊపిరాడల్యా. నలభై ఏండ్లుగా వంటింట్లో పెట్టి గడియ వేసినట్లుండాది."

ఉపన్యాసం రోజు, వక్తను పరిచయం చేయమని జయరాం సారునే పిలిచారు. ఆయన చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. భార్య అంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ ప్రాణమంతా సంగటి మీదే పెట్టారు. రెండు నిమిషాల పరిచయం స్పూను దాకా, చెయ్యి దాకా సాగిసాగి, దంపతుల సన్మానం దగ్గరికొచ్చింది. అప్పటికే హాలు తలుపు దగ్గర ఎవరిదో నిశ్చితార్థానికి కుర్చీలు దించుతున్నారు.

"మేడం, రెండు ముక్కల్లో ముగించండి" అన్నారు రాఘవేంద్ర సారు.

నాకు ఒళ్ళు మండింది. మేడం చేతిలో కాగితాలు, భుజాన రవిక గుడ్డ. కాగితాలు బల్ల మీద పెట్టేసి, మైకు ముందుకొచ్చి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు.

"ఆ సంగటి నేను చేయలేదు. చేసిండేది మా పక్కింటి మారెక్క. ఆ పొద్దు నేను హెల్గాతో కొండ మీద ఉంటి."

హాలు విరగబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది జయరాం సారు. "చూసినారా, పొగిడితే ఒప్పుకోదు. మా ఇంద్రాణికి యాడలేని అణకువ" అన్నారు.

నేను లేచి నిలబడి, "ఆమె నిజం చెప్తాండాది" అన్నాను. చప్పట్లలో నా గొంతు నాకే వినపడలేదు. మేడం మైకు కడ్డీ వదల్లేదు. తర్వాత ఎవరో చెయ్యి పట్టి కిందికి దించారు.

పై నెల సభకు సంఘం కొత్త తీర్మానం చేసింది. ఉపన్యాసం అయ్యాక అందరికీ ఇంద్రాణి మేడం చేతి సంగటి. నేను మండిపడి, వద్దని చెప్పమన్నాను.

"చేస్తాలే" అన్నారు ఆమె. "నోటితో చెప్తే నమ్మల్యా కదా. నోట్లో పెట్టుకుంటే అన్నా తెలుస్తాది."

సంగటి చెడితే, ఆ పొద్దు వండింది తాను కాదని వాళ్ళే ఒప్పుకుంటారని ఆమె ఆశ. ఎవరినీ సాయం పట్టనివ్వకుండా, హాలు వెనక పొయ్యి మీద తానే కెలికారు. మెతుకు ఒకపక్క, పిండి ఒకపక్క అయింది. ముద్ద విరిస్తే లోపల పచ్చిపిండి రాలింది. నేను రెండో ముద్ద మింగలేకపోయాను.

పళ్ళేలు పట్టుకుని వరుస కట్టారు. రాఘవేంద్ర సారు ఊరిబిండి పచ్చడి అద్దుకుని తిని, "జర్మనీ ఆయమ్మ ఊరికే మెచ్చుకోలేదప్పా" అన్నారు. ఆ వెనకాయన అవునన్నాడు. ఆ వెనకావిడ ఎట్లా చేస్తారో చెప్పమంది. మేడం ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ వడ్డిస్తున్నారు.

చివర జయరాం సారు వచ్చారు. పచ్చిపిండితో సహా నమిలి మింగారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"అదే రుచి ఇంద్రాణీ" అన్నారు. "ఆ పొద్దు తినిందే."

 మేడం ఆయన పళ్ళెంలో ఇంకో ముద్ద వేశారు.